మూడో ప్రకటన

హెబ్రోను ఫోన్ చేసినప్పుడు నేను పదో తరగతి పేపర్లు దిద్దుకుంటున్నాను. వాడు మా అక్క ఎలిశబెతు కొడుకు. ఇందుకూరుపేట దగ్గర రొయ్యల చెరువుల్లో టెక్నీషియనుగా పనిచేస్తాడు. మా బావ సుశీల్ కుమార్ పోయి వచ్చే శనివారానికి సంవత్సరం నిండుతుంది. జ్ఞాపకార్థ కూడిక పెట్టుకున్నారని నాకు ముందే తెలుసు. వాడు ఫోన్ చేసింది ఇంకో సంగతి చెప్పడానికి.

"పిన్నీ, మన మల్లెపూల సినిమా మళ్ళీ వదిలినారు, చూసినావా? బొమ్మంతా కడిగినట్టు చేసినారు. కూడికయి భోజనాలు చేసినాక చర్చి హాల్లో వేద్దామనుకుంటుండా. నాన్నకి ప్రాణం గదా అదంటే. అమ్మ మాట అమ్మది, నీ మాట నీది. రెడీగా ఉండు."

సరేనన్నాను. నాకు యాభై మూడేళ్ళు. కావలిలో పాతికేళ్ళుగా పిల్లలకు తెలుగు చెబుతున్నాను. ప్రేమలీల టీచరు నోటికి జడిసి హెడ్మాస్టరు కూడా స్టాఫ్ రూము వైపు రాడని మా స్కూల్లో చెప్పుకుంటారు. అంత నోరూ ఆ ఒక్క విషయం దగ్గరికొచ్చేసరికి సరే తప్ప ఇంకో మాట అనదు. ఈసారైనా ఆ మాట నేను అనకూడదు, అక్క చేత అనిపించకూడదు అని ఫోన్ పెట్టేశాక గట్టిగా అనుకున్నాను. ఫోన్ పెట్టేశాక ఎవరైనా అనుకోగలరు.

ఆ సినిమాకు వేరే పేరుంది గానీ మా ఇంట్లో ఆ పేరు ఎవరూ వాడలేదు. నేను ఆరో తరగతిలో ఉండగా వచ్చింది. బిట్రగుంట రైల్వే కాలనీలో ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో తెర కట్టి వేస్తే జనం రెండు వైపులా కూర్చుని చూశారు. వెనక కూర్చున్నవాళ్ళకు అక్షరాలు తిరగబడి కనిపించేవి. అయినా ఎవరూ లేవలేదు. అడిగి అడిగి మూడుసార్లు వేయించుకున్నారు. అప్పటికి కాలనీలో సగం మందికి సినిమా కంఠతా వచ్చేసింది.

కథ ఏముంది. హీరో ఒక అమ్మాయి వెంట పడతాడు. ఆమె ఎక్కిన బస్సే ఎక్కుతాడు, ఆమె ఇంటి ఎదురుగా అద్దెకు దిగుతాడు, ఆమె పనిచేసే ఆఫీసుకు రోజుకో వేషం వేసుకుని వస్తాడు. ఆమె ఇష్టం లేదంటుంది. అన్న ప్రతిసారీ వెనక నుంచి ఒక వాయిద్యం గమ్మత్తుగా మోగుతుంది. జనం ఆ మోతకే నవ్వేవాళ్ళు. ఆఖరికి పెళ్ళి పందిట్లో అమ్మాయి లేచి నిలబడి "నాకీ పెళ్ళికి అభ్యంతరం ఉంది" అంటుంది. మేళం ఆగిపోతుంది. తండ్రి గుండె పట్టుకుంటాడు. అంతా నిశ్శబ్దం. అప్పుడు రెండు జడల చెల్లెలు ముందుకొచ్చి "అక్కకి పూలు తక్కువైనాయంట" అంటుంది. అమ్మాయి కిలకిలా నవ్వేస్తుంది. హీరో బుట్టెడు మల్లెపూలు తెచ్చి ఆమె మీద పోస్తాడు. శుభం.

నాకు రెండు జడలుండేవి. నాకొక అక్క ఉంది. ఇంక నన్ను పట్టేవాళ్ళెవరు. కాలనీలో ఏ ఇంటికి పోయినా ఆ మాట చెప్పమనేవాళ్ళు. చెప్పేదాన్ని. వేరుశనగ ఉండ పెట్టేవాళ్ళు.

అక్క అప్పట్లో టైపు నేర్చుకోవడానికి పాసింజర్లో కావలికి పోయి వస్తుండేది. బావ లోకోషెడ్డులో ఫైర్‌మన్. డ్యూటీ లేని రోజు అక్క ఎక్కిన పెట్టెలోనే ఎక్కేవాడు. డ్యూటీ ఉన్న రోజు మా క్వార్టర్స్ వెనకగా ఇంజను పోయేటప్పుడు డ్రైవర్ని బతిమాలి మూడు కూతలు వేయించేవాడు. కూత వినగానే వరసలో ఉన్న ఆడవాళ్ళంతా వాకిట్లోకి వచ్చి మా ఇంటి వైపు చూసి నవ్వేవాళ్ళు. ఒకసారి కావలి స్టేషన్లో, అక్క తనతో మాట్లాడేదాకా లేవనని ప్లాట్‌ఫారం మీద అడ్డంగా పడుకున్నాడు. అది కూడా సినిమాలో ఉన్నదే. ఆ రోజు నుంచి అక్క టైపుకు పోవడం మానేసింది. సిగ్గుపడుతోందని అమ్మ చెప్పింది. మా నాయన అబ్రహాము అదే షెడ్డులో ఫిట్టరు. "పిల్లోడు పట్టిన పట్టు వదిలే రకం కాదు, తాగుడు లేదు, ఇంకేం కావాల" అన్నాడు. పెళ్ళి ఖాయం చేశారు.

అక్క ఇష్టం లేదని ఇంట్లో అంది. నేను విన్నాను. అన్నప్పుడల్లా నేను నోటితో ఆ వాయిద్యం మోత చేసేదాన్ని. అమ్మ కూడా నవ్వేది.

మా సంఘాల్లో పెళ్ళికి ముందు వరసగా మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు. ఫలానావారి కుమారునికి, ఫలానావారి కుమార్తెకు వివాహం నిశ్చయమైనది, ఎవరికైనా న్యాయమైన అభ్యంతరం ఉంటే ఇప్పుడే తెలియజేయవలెను అని అయ్యగారు చదివి ఒక్క క్షణం ఆగుతాడు. ఎవరూ మాట్లాడరు. మాట్లాడిన దాఖలా మా సంఘంలో ఎప్పుడూ లేదు. ఆ క్షణంలో జనం దగ్గుకుంటారు, పిల్లల్ని సర్దుకుంటారు.

మూడో ప్రకటన నాడు నేను ఆడవాళ్ళ వైపు చాప మీద అక్క పక్కనే కూర్చున్నాను. అయ్యగారు చదివి ఆగాడు. అక్క లేచి నిలబడింది. చేతిలో పాటల పుస్తకం ఉంది, పుస్తకంలో నుంచి మడత పెట్టిన కాగితం ఒకటి బయటికి కనిపిస్తోంది.

"అయ్యగారూ, నాకు అభ్యంతరం ఉందండీ" అంది.

గుడంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దం నాకు బాగా తెలుసు. సినిమాలో సరిగ్గా అక్కడ అంతే నిశ్శబ్దం ఉంటుంది. దాని తర్వాత ఎవరు మాట్లాడాలో కూడా నాకు తెలుసు.

"అక్కకి పూలు తక్కువైనాయంట" అన్నాను.

గుడి కప్పు ఎగిరిపోయేటట్టు నవ్వారు. మగవాళ్ళ వైపు నుంచి బావ లేచి రెండు చేతులూ జోడించి అక్కకు దణ్ణం పెట్టాడు. దానికి ఇంకా నవ్వారు. అయ్యగారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని, "అభ్యంతరం సబబుగానే ఉంది, పెళ్ళికొడుకు పూలు ఎక్కువ తేవలసింది" అని ప్రార్థనకు తలలు వంచమన్నాడు. అక్క ఇంకా నిలబడే ఉంది. అమ్మ చెంగు పట్టి లాగి కూర్చోబెట్టింది.

అట్లా పెళ్ళయిపోయింది. ఆ కథ మా కుటుంబానికి పెద్ద పేరు తెచ్చింది. ఎంత సరదా జంట అనుకున్నారు. ప్రతి మే నెలలో పెళ్ళిరోజు నాడు బంధువులు చేరేవాళ్ళు, కేకు కోసేవాళ్ళు, తర్వాత అక్కను లేపేవాళ్ళు. అక్క లేచి "నాకు అభ్యంతరం ఉంది" అనేది. నేను నా మాట అనేదాన్ని. బావ మూర పొడుగు పూలదండలు ఒకటి మీద ఒకటి అక్క జడలో తురిమేవాడు. ఒక్క యేడు కూడా తప్పలేదు. అదిగాక ప్రతి శనివారం సాయంత్రం డ్యూటీ దిగి వస్తూ రెండు మూరల మల్లెపూలు తెచ్చేవాడు. మల్లెలు లేని రోజుల్లో ఎక్కడెక్కడో తిరిగి కాగడా పూలు తెచ్చేవాడు. అక్క పెట్టుకునేది. ఆదివారం సాయంత్రమయ్యేసరికి నుదుటికి తడిగుడ్డ కట్టుకుని పడుకునేది. మల్లెల వాసన అక్క తలకు పడదు. ఆ సంగతి బావకు తెలియదని చాలాకాలం అనుకున్నాను.

నాకు తెలివి వచ్చింది నా పెళ్ళప్పుడు. అప్పుడు నాకు ఇరవై నాలుగు, మేం కావలికి మారిపోయాం. మొదటి ప్రకటన ముందు శనివారం అక్క బిట్రగుంట నుంచి ఒంటరిగా వచ్చి నన్ను వంటింట్లోకి తీసుకుపోయి తలుపు వేసింది.

"నీకు ఇష్టమేనా మే? నా మొహం చూసి చెప్పు."

ఇష్టమేనన్నాను. నిజంగానే ఇష్టం. రెండో శనివారం మళ్ళీ వచ్చి అదే అడిగింది. మూడో శనివారం కూడా వచ్చింది.

"ఏందక్కా, నీకేమన్నా పిచ్చా?" అన్నాను.

"రేపు ఆఖరి ప్రకటన. ఇష్టం లేకుంటే ఇప్పుడే చెప్పు. నేను లేచి నిలబడతా. నువ్వు చెప్పేది చెప్పిందాకా పక్కన ఎవర్నీ నోరు తెరవనియ్యను" అంది.

పదకొండేళ్ళ క్రితం చాప మీద నేను చేసినదేమిటో అప్పుడు అర్థమైంది. అక్క నా మొహంలోకే చూస్తోంది. ఏమన్నా అని ఉండవచ్చు. కాళ్ళ మీద పడి ఉండవచ్చు. ఇష్టమే అక్కా, నిజంగా ఇష్టమే అని మాత్రం అన్నాను. అక్క తలుపు తీసింది.

తర్వాతి మే నెలలో అందరూ చప్పట్లు కొట్టి నా వంతు అన్నారు. నేను నా మాట అన్నాను. చెప్పకపోతే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి. బావ మొహం చూస్తూ, పదేళ్ళ హెబ్రోను మొహం చూస్తూ అది చెప్పేంత ధైర్యం నాకు లేదు. ఇట్లా ఒక యేడు కాదు, ఇరవై ఎనిమిదేళ్ళు.

శనివారం పదకొండింటికి కూడిక జరిగింది. వాక్యం, పాటలు, బావ మంచితనం మీద నలుగురు మాట్లాడటం, తర్వాత బిర్యానీ. ముందు వరసలో బావ ఫోటో పెట్టి దానికి నిండా మల్లెపూల దండ వేశారు. అక్క ఆ ఫోటో పక్కనే తెల్లచీర కట్టుకుని కూర్చుంది. రెండింటికి కిటికీలకు దుప్పట్లు కట్టి, పాటలు చూపించే ప్రొజెక్టర్లో హెబ్రోను తన ల్యాప్‌టాప్ తగిలించి సినిమా వేశాడు. బిట్రగుంట నుంచి వచ్చిన ముసలివాళ్ళు పదిహేను మంది దాకా ఉన్నారు. వాళ్ళ పిల్లలు, మనవళ్ళు ఇంకో ముప్పై మంది.

బొమ్మ నిజంగానే కొత్తగా ఉంది. రంగులు మెరుస్తున్నాయి. హీరో బస్సెక్కగానే షెడ్డులో బావతో పనిచేసిన హజరత్తయ్య పగలబడి నవ్వాడు. ముసలివాళ్ళు ప్రతి మాటా ముందే అందుకుంటున్నారు. పిల్లలు మొదట కాసేపు నవ్వారు, తర్వాత తగ్గించారు. అమ్మాయి ఇష్టం లేదని నాలుగోసారి అని, వాయిద్యం మోగేసరికి కుర్రవాళ్ళ వైపు ఒక్కరూ నవ్వలేదు. నా పక్కన హెబ్రోను కూతురు షారన్ కూర్చుంది. ఇంటర్ రెండో సంవత్సరం.

"చిన్ననానమ్మా, ఇది కామెడీనా?" అని మెల్లగా అడిగింది.

"అప్పట్లో కామెడీనే."

"ఆ అమ్మాయి వద్దంటుంది గదా. ఇన్నిసార్లు వద్దంటే వీడు పోడేంది? నాకు భయమేస్తుండాది. మా కాలేజీలో ఒకడు ఇట్నే చేస్తే పోలీసులకు చెప్పినాం."

"చివర్లో ఇష్టపడుతుందిలే" అన్నాను. నా గొంతు విని నాకే అసహ్యమేసింది.

నేను అక్క వైపు చూశాను. తెర వెలుగు అక్క మొహం మీద పడుతోంది. అక్క నవ్వటం లేదు, ఏడవటం లేదు. పరీక్ష పేపరు చదివినట్టు శ్రద్ధగా చూస్తోంది. ముప్పైతొమ్మిదేళ్ళు ఆ మాట అంటూ వచ్చిన మనిషి, పెళ్ళయ్యాక ఆ సినిమా ఒక్కసారి కూడా చూడలేదు. టీవీలో వస్తే లేచి వంటింట్లోకి పోయేది.

పెళ్ళి పందిరి వచ్చింది. అమ్మాయి లేచి నిలబడి అభ్యంతరం ఉందంది, తండ్రి గుండె పట్టుకున్నాడు. హెబ్రోను అక్కడ బొమ్మ ఆపేశాడు. మైకు పట్టుకుని వచ్చి వాళ్ళమ్మ ముందు నిలబడ్డాడు. వాడి కళ్ళ నిండా నీళ్ళున్నాయి.

"నాన్న కోసం ఈ ఒక్కసారి చెప్పు అమ్మా" అన్నాడు.

ముసలివాళ్ళు చప్పట్లు కొట్టారు. అక్క కుర్చీ చేతులు పట్టుకుని లేచింది. మైకు తీసుకుంది.

"నాకు అభ్యంతరం ఉంది" అంది.

అందరూ నా వైపు తిరిగారు. నిశ్శబ్దం. హజరత్తయ్య నవ్వడానికి సిద్ధంగా నోరు తెరిచి పెట్టుకున్నాడు. మాట నా నాలుక చివరికి వచ్చేసింది. అలవాటైన మాట, తోసుకుని వస్తుంది. పళ్ళు బిగబట్టుకున్నాను. లేచి, వద్దు, ఆపండి, ఇది ఆట కాదు అని చెప్పాల్సింది. అది చెప్పలేదు. నోరు మూసుకుని కూర్చోవడమే నా వల్ల అయింది.

"పిన్నీ" అన్నాడు హెబ్రోను.

అప్పుడు షారన్ అడిగింది. దానికి ఈ ఆట మీద గౌరవం లేదు, పాత కథ మీద భయం లేదు. తెలుసుకోవాలని అడిగింది.

"ఏం అభ్యంతరం నానమ్మా?"

అక్క దాని వైపు చూసింది. మైకు ఇంకా నోటి దగ్గరే ఉంది. పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది.

"అయ్యగారికి వందనములు. నాకు ఈయనంటే ఇష్టం లేదు. నాకు భయం. నన్ను బలవంతం చేయవద్దని మా నాయనకు చెప్పవలసిందిగా కోరుతున్నాను. ఇట్లు, ఎలిశబెతు."

మడత పెట్టిన కాగితంలో ఏముందో నాకు నలభై ఏళ్ళకు తెలిసింది.

హెబ్రోను తల్లి మొహం, తండ్రి ఫోటో మార్చి మార్చి చూస్తూ ల్యాప్‌టాప్ ఉన్న బల్ల దాకా వెనక్కి నడిచాడు. మూసేద్దామనుకున్నాడేమో, చెయ్యి తగిలి సినిమా మళ్ళీ నడిచింది. తెర మీద రెండు జడల పిల్ల ముందుకొచ్చింది. అక్కకి పూలు తక్కువైనాయంట అని స్పీకర్లు మోగిపోయేటట్టు చెప్పింది. పందిట్లో వాళ్ళంతా నవ్వారు. హాల్లో ఒక్కరు కూడా నవ్వలేదు. అక్క నిలబడే ఉంది. షారన్ వెళ్ళి మైకు తీసుకుని, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"నాన్న చెడ్డోడామ్మా?" అని హెబ్రోను అడిగాడు. నలభై దగ్గర పడుతున్నవాడు, పదేళ్ళవాడిలా అడిగాడు.

"చెడ్డోడు కాదు నాయనా. నన్ను బాగానే చూసినాడు. పెళ్ళయిన నెలకే చెప్పినా, ఆ రోజు నేను అన్నది నిజమేనండీ అని. పూలు పెట్టుకుంటే తల పగిలిపోతాదని కూడా చెప్పినా. నవ్వి, పోయి ఇంకో మూర తెచ్చినాడు" అంది అక్క.

సాయంత్రానికి బిట్రగుంట వాళ్ళు వెళ్ళిపోయారు. పోతూ ఎవరూ అక్క కళ్ళలోకి చూడలేదు. హజరత్తయ్య మాత్రం గుమ్మం దగ్గర ఆగి, "ఆ రోజు నేనూ నవ్వినానమ్మా" అని తల దించుకుని పోయాడు. నాకు ఆ పాటి మాట కూడా రాలేదు.

హెబ్రోను ఇంటి వెనక వసారాలో అక్క ఒక్కతే కూర్చుంది. మైపాడు వైపు నుంచి ఉప్పు గాలి కొడుతోంది. చెరువుల్లో మోటార్లు నీళ్ళు చిమ్ముతున్న చప్పుడు ఆగకుండా వినిపిస్తోంది. నేను వెళ్ళి కింద కూర్చున్నాను. దారి పొడుగునా మనసులో కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయి, అన్నిటికంటే పిరికి మాట మొదట బయటికొచ్చింది.

"నాకప్పుడు పదమూడేళ్ళక్కా."

"ఆ రోజు సంగతి నేనెప్పుడూ పట్టుకోలేదు. చిన్నపిల్లవి. నీకేం తెలుసు" అంది అక్క.

నాకు ఏడుపు వచ్చింది. బరువు దిగిందనుకున్నాను. అక్క ఇంకా మాట్లాడుతోందని ఒక క్షణం తర్వాత గమనించాను.

"నీ పెళ్ళికి ముందు వంటింట్లో నీకు తెలిసిపోయింది. నీ మొహంలో చూసినా. అమ్మయ్య, ఒక్కరికన్నా తెలిసింది, ఇంక ఇది ఆ మాట అనదులే అనుకున్నా. మే నెల దాకా సంతోషంగా ఉండినా. మే నెలలో మళ్ళీ అన్నావు. ఆ పైయేడూ అన్నావు. దానికుంది నాకు కోపం. ఇప్పటికీ ఉంది."

చీకటి పడకముందే లోపల లైట్లు వేశారు. షారన్ బావ ఫోటో మీది మల్లెదండ తీసి, గేటు దాటి రోడ్డు అవతలికి తీసుకుపోవడం చూశాను. ఎవరు చెప్పారో దానికి.

"ఈ పొద్దు అనలేదు గదక్కా" అన్నాను. ఇంత వయసొచ్చి, అంత సిగ్గులేకుండా అడిగాను.

"అనలేదు. చూసినా" అంది. తర్వాత చెంగుతో మొహం తుడుచుకుంది.

"సినిమా ఈ పొద్దు బాగా చూసినా ప్రేమా. ఆ పిల్ల అభ్యంతరం ఉందని నవ్వుతా చెప్పింది, మొదటి నుంచీ పెదాల మీద నవ్వు ఉంది. నేను నవ్వలేదు. గుడినిండా జనం ఉండారు, నువ్వు నా పక్కనే ఉండావు. ఒక్కరన్నా తలెత్తి నా మొహం చూడలేదేందే?"